ఇరవై అయిదో కాపీ

సుచరిత మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు తిట్టింది నన్ను కాదు, మా తాతను.

అందులో ఆమె తప్పు లేదు. గేటు ముందు స్కూటీ ఆపి, మాలకొండయ్య గారి ఇల్లు ఇదేనా అని అడిగింది. ఇదే అన్నాడు తాత. మాలకొండయ్య అంటే మీరేనా అంది. నేనే అన్నాడు. రెండూ నిజాలే. మా ఇంట్లో మాలకొండయ్యలు ఇద్దరు. తాత పేరే మనవడికి పెట్టాలని మా నాయన పట్టుబట్టాడు. వద్దని చెప్పడానికి అప్పటికి నాకు మాటలు రావు. నేను పనిచేసే హైదరాబాదు కంపెనీలో నన్ను ఎమ్కే అంటారు. గిద్దలూరులో మాత్రం పూర్తి పేరే.

ఆ పొద్దు నేను లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉన్నాను. చెవులకు హెడ్‌ఫోన్స్. కిటికీలోంచి చూస్తే అరుగు మీద నీలం చుడీదార్ అమ్మాయి ఒకామె చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది, తాత కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు. ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టడానికి వచ్చిందనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీశాక గానీ సంగతి తెలియలేదు.

"ఒక ఆడపిల్ల ఫొటో తీసెయ్యమని చెప్పి పదైదు దినాలయింది. మీ ఇంట్లో మనవరాళ్లు లేరా పెద్దాయనా?"

"ఉండారు తల్లీ. తప్పే."

"నిన్న కొమరోలు నుంచి ఎనిమిది మంది వచ్చినారు. ముందు వారం అర్ధవీడు నుంచి ఆరు మంది. ఉప్మా తిప్పి తిప్పి మాయమ్మ చెయ్యి పడిపోయింది."

"తప్పే తల్లీ. చానా తప్పు."

తాతకు డెబ్బై తొమ్మిదేళ్లు. ముప్పై ఏళ్లు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చాడు. ఇప్పుడు రోజంతా అరుగు మీదే. ఎవరైనా వచ్చి పది నిమిషాలు తనతో మాట్లాడితే చాలు, అవి తిట్లైనా ఆయనకు ఇబ్బంది లేదు. ఆమె అలిసిపోయేదాకా ఓపికగా విని, మజ్జిగ ఇప్పించాడు. ఆమె కోపంగానే తాగింది. గ్లాసు కింద పెట్టాక అప్పుడడిగాడు.

"ఇంతకూ ఏం ఫొటో తల్లీ? యాడుండాది?"

ఇక తప్పదని నేను బయటికి వచ్చాను. వీడియో మీటింగ్ కాబట్టి పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీ.

"ఈడు గూడా మాలకొండయ్యే," అని పరిచయం చేశాడు తాత. "ఫొటోల సంగతి ఈడికి తెలుస్తది."

ఆమె నన్ను చొక్కా నుంచి లుంగీ దాకా చూసింది. ఇంతసేపూ పెద్దాయన మీద ఖర్చుపెట్టిన కోపంలో ఇంకా ఎంత మిగిలిందో లెక్కచూసుకుంటున్నట్టు అనిపించింది. బాగానే మిగిలింది.

సంగతి ఇదీ. రాచర్ల పిచ్చయ్యకు గిద్దలూరు స్టేషన్ రోడ్డులో పెళ్లిసంబంధాల ఆఫీసు ఉంది. రెండేళ్ల క్రితం ఆయనకు వెబ్‌సైట్ చేసిపెట్టింది నేనే. ఆ సైట్‌లో మొట్టమొదటి ఫొటో ఆయన కూతురిదే. మన పిల్లను పెట్టకుండా జనాన్ని వాళ్ల పిల్లలను పెట్టమంటే ఎవరు నమ్ముతారు అబ్బాయ్ అని ఆయనే ఇచ్చాడు. ఆ కూతురే ఈ సుచరిత. వెటర్నరీ డిప్లొమా చదివి, రాచర్లలో పశువుల మందుల షాపులో పనిచేస్తూ, ఊళ్లు తిరిగి గొర్రెలకు మేకలకు మందులు పోస్తుంటుంది. నేను ఆమెను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఫొటోలో చూశాను గానీ, అందులో గులాబీరంగు పట్టుచీర కట్టుకుని, పళ్లు నొప్పి పుట్టినట్టు నిలబడి ఉంటుంది. దానికీ దీనికీ పోలిక లేదు.

ఇంకో అయిదు వారాల్లో పశుసంవర్ధక శాఖ ఉద్యోగానికి పరీక్ష. తండ్రీ కూతురూ ఒక ఒప్పందానికి వచ్చారు. పరీక్ష అయ్యేదాకా సంబంధాలు చూడకూడదు, సైట్‌లో ఫొటో తీసెయ్యాలి. పాసైతే పెళ్లి సంగతి ఆమె ఇష్టం. పోతే మాత్రం ఆయన చూపించిన వాడికి మారు మాట్లాడకుండా తల ఊపాలి. పిచ్చయ్య మాటమీద నిలబడే మనిషే. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి ఫొటో తీసెయ్యమన్నాడు, నేను తీసేశాను. అయినా జనం వస్తూనే ఉన్నారు.

వస్తే రానీ, తలుపు తీయకుంటే సరిపోయె గదా అన్నాను నేను.

"ఇంటికొచ్చినోళ్లను ఎనక్కి పంపేది మా ఇంటా వంటా లేదంటాడు మా నాయన. వచ్చినోళ్లకు ఉప్మా పెట్టాల, కాఫీ ఇయ్యాల, నేను చీర కట్టుకుని ముందర కూకోవాల. ఒక ఆదివారం పోయిందంటే నాకు నాలుగు చాప్టర్లు పోయినట్టు."

నేను ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాను. సైట్‌లో ఆమె ఫొటో లేదు. ఆమె తన ఫోన్ తీసి చూపించింది. గులాబీరంగు చీరలో అట్లాగే నిలబడి ఉంది. నా దగ్గర బాగానే ఉంది గదా అన్నాను. ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడూ జీవితంలో వెయ్యిసార్లు అనే మాట అది.

"గొర్రెకు నట్టల మందు పోసినాక, పోసినాం గదా అని నేను సీసా మూత పెట్టుకుని పోతానా? మర్నాడు పెంటికలు చూసి, నట్టలు పడినాయా లేదా అని చెప్తాను. మీరు అది చూడలా?"

చూడలేదు. తప్పంతా నాదేనని అప్పుడు అర్థమైంది. రాచర్ల వైపు సిగ్నల్ అంతంతమాత్రం, సైట్ తొందరగా తెరుచుకోవడం లేదని పిచ్చయ్య మొదట్లో గోలపెట్టాడు. అందుకని ప్రతి పేజీకీ ఒక కాపీ తీసి, మధ్యలో ఇంకో సర్వర్‌లో దాచేటట్టు పెట్టాను. ఎవరు అడిగినా ఆ దాచిన కాపీయే వెంటనే చూపిస్తుంది. దాన్నే క్యాష్ అంటారు. దాని గడువు ముప్పై రోజులు. అసలు సైట్‌లో ఫొటో తీశాను గానీ, దాచిన కాపీని తుడిచెయ్యడం మరిచిపోయాను. నేను అడ్మిన్‌గా చూస్తాను కాబట్టి నాకు అసలుది కనిపిస్తుంది, ఊరందరికీ పాతది.

ఇదంతా నేను పావుగంట చెప్పినా ఆమె ముఖం మారలేదు. తాత కుర్చీ పక్కన ఎప్పుడూ ఉండే పాత మార్కాపురం పలక తీసి, బలపంతో ఒక గీత గీసి, చేత్తో తుడిచి చూపించాడు.

"చేత్తో తుడిస్తే ఇట్ల మరక మిగుల్తది తల్లీ. తడిగుడ్డ పెట్టాల. ఈడు తడిగుడ్డ మరిచినాడు."

"ఇప్పుడు అర్థమైంది," అంది సుచరిత.

ఆమె ముందే తడిగుడ్డ పెట్టాను, అంటే ఆమె వివరాల పేజీ క్యాష్ తుడిచాను. ఆమె ఫోన్‌లో ఫొటో మాయమైంది. థ్యాంక్స్ చెబుతుందేమోనని చూశాను. ఆమె తాత వైపు తిరిగి, మీకు ఊరికే తిట్లు పడినాయి తాతా, అందులో సగం ఈయనకు పంచియ్యండి అని చెప్పి స్కూటీ ఎక్కింది. మా సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. లోపల ల్యాప్‌టాప్‌లో హైదరాబాదు మేనేజరు, ఎమ్కే, ఆర్ యూ దేర్ అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ మర్నాడు పిచ్చయ్య ఫోన్ చేస్తే నా నోటివెంట మామా అని వచ్చింది. రెండేళ్లుగా నేను ఆయనను చిన్నాయనా అని పిలుస్తున్నాను. కానీ చిన్నాయన కూతురు నాకు ఏమవుతుందో మీకు తెలుసు. ఆ వరస కుదరదని నాకు రాత్రికి రాత్రే తట్టింది. పిచ్చయ్య ఒక్క క్షణం ఆగి, ఎవరో పెళ్లికొడుకు ఎత్తు రెండు అంగుళాలు పెంచమన్నాడు. గమనించలేదులే అనుకున్నాను.

రెండు రోజులకు సుచరిత ఫోన్. రాచర్ల మండలం పేజీలో తన ఫొటో ఇంకా ఉందట. నిజమే, ఒక్కో పేజీకి ఒక్కో కాపీ ఉంటుంది. అది తుడిచాను. మర్నాడు మళ్లీ ఫోన్, డిప్లొమా చదివిన వధువుల పేజీలో ఉందని. అదీ తుడిచాను. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ల వయసు పేజీ. రోజుకొక పేజీ, రోజుకొక ఫోన్. మొదట్లో తిట్లతో మొదలయ్యే ఫోన్ మూడో రోజుకు తాత ఎట్ల ఉండాడు అనే మాటతో మొదలైంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అన్ని పేజీలూ ఒక్క దెబ్బతో తుడిచెయ్యొచ్చని నాకు నాలుగో రోజు తట్టింది. అట్ల తుడిస్తే అయిదో రోజు ఫోన్ రాదు. అందుకని ఆగాను. ఆ ఆదివారం చంద్రశేఖరపురం నుంచి పదకొండు మంది జీపులో దిగారు, హోమ్ పేజీలో మిగిలిన కాపీ చూసి. అదే రోజు సుచరితకు మార్కాపురంలో మోడల్ టెస్ట్ ఉంది. ఆమె పోలేకపోయింది.

ఈ సంగతి ఆమె ఫోన్‌లో మామూలుగానే చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆ మధ్యాహ్నమే కూర్చుని, చేతితో చేసే పని మొత్తం ఒక స్క్రిప్టులో, అంటే దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాములో పెట్టేశాను. ఇక మీదట సైట్‌లో అక్షరం మార్చి పైకి ఎక్కించినా సరే, వెంటనే దానంతటదే క్యాష్ మొత్తం తుడిచేస్తుంది. అక్కడితో ఆగదు. బయటి మనిషిలాగా ప్రతి పేజీ తెరిచి, తీసేసిన వాళ్ల పేర్లు ఎక్కడైనా మిగిలాయేమో వెతుకుతుంది. మిగిలితే నా ఫోన్ మోగుతుంది. ఆ రెండో భాగానికి పెంటికలు అని పేరు పెట్టాను. పేరు పెట్టే హక్కు రాసినవాడిదే.

సోమవారం రాచర్ల పోయి, మందుల షాపు వెనక గొర్రెల మధ్య ఉన్న సుచరితకు ఆ ఒక్క రోజు ఆలస్యం ఎందుకు చేశానో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నీ ఫోన్ కోసమే అని కూడా చెప్పాను. ఆమె సిరంజిలోకి మందు లాగింది.

"ఆ పొట్టేలును పట్టుకోండి," అంది.

పట్టుకున్నాను. అట్ల నలభై రెండు జీవాలను పట్టుకున్నాను. అందులో ఒక పొట్టేలుకు నా మీద ఏం కోపమో, మోకాలి మీద రెండుసార్లు పొడిచింది. అన్నీ అయ్యాక, శిక్ష సరిపోయింది, ఇంక ఫోన్ చెయ్యాలనుకుంటే పేజీ సాకు అక్కర్లేదు అంది. కుంటుకుంటూ బస్సు ఎక్కాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ కుంటలేదు.

స్క్రిప్టు దివ్యంగా పనిచేసింది. ఆమె పేరు ఏ పేజీలోనూ లేదు. ఇకమీదట ఒక్కరు కూడా రారని తాత సాక్షిగా హామీ ఇచ్చాను.

తర్వాతి ఆదివారం పన్నెండు మంది వచ్చారు.

"మీ పెంటికలు ఏమంటాండాయి?" అని ఫోన్‌లో అడిగింది సుచరిత. వెనక ఉప్మాకు తాలింపు వేస్తున్న చప్పుడు.

సైట్ శుభ్రంగా ఉంది. మూడుసార్లు చూశాను. అయితే వీళ్లకు ఎట్ల తెలిసిందో వాళ్లనే అడుగు అన్నాను. ఆమె ఫోన్ పెట్టకుండానే హాల్లోకి పోయి పెళ్లికొడుకు తండ్రిని అడిగింది. ఆయన సంతోషంగా జేబులోంచి ఒక కార్డు తీసి చూపించాడట. అరచేతి కంటే కాస్త పెద్దది. వెబ్‌సైట్ పేజీని అట్లాగే ప్రింట్ తీసింది. గులాబీరంగు చీర, చదువు, ఎత్తు, పిచ్చయ్య ఫోన్ నంబరు. మీదినుంచి లామినేషన్.

పెళ్లివాళ్లు పోయాక పిచ్చయ్యను విచారణకు నిలబెట్టారు. నేను ఫోన్‌లో స్పీకర్ మీద ఉన్నాను. ఆయన దాచలేదు. ఊళ్లలో మేకలోళ్లకు, గొర్రెలోళ్లకు ఆ సైట్ చిన్న ఫోన్లలో ఆనదని, ఎండాకాలంలోనే కార్డులు వేయించి ఆటోవాళ్లకు, టీ బంకులకు, మంగలి షాపులకు పంచాడు.

"వెబ్‌సైట్‌లో తీసెయ్యమంటివి, తీసేయించినా. కార్డుల మాట నువ్వు అడగలా, నేను చెప్పలా," అన్నాడు కూతురితో.

అందులో మోసం లేదు. ఆయన దృష్టిలో వెబ్‌సైట్ వేరు, కాగితం వేరు. నా మెదడులో మాత్రం దీపం వెలిగింది. ఇదీ క్యాషే. గడువు లేనిది, వానకు తడవనిది, చింపినా చిరగనిది. ఏ స్క్రిప్టూ దాన్ని తుడవలేదు.

ఎన్ని కార్డులు వేయించాడో ఆయనకు గుర్తులేదు. స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు జిలాని భాయ్‌కి గుర్తుంది. ఇరవై అయిదు. లామినేషన్ ఎందుకు మామా, తర్వాత సమాచారం మారితే కష్టం అని తను ముందే చెప్పాడట. నా కంటే ఆయనకే ఈ విషయం బాగా అర్థమైంది.

పరీక్షకు మూడు వారాలుంది. నువ్వు చదువుకో, కార్డులు ఏరేది నేను అన్నాను సుచరితతో. మందుల పని మీద ఎట్లాగూ పోయే ఊళ్లలో తను చూస్తానంది. తాత అరుగు మీద పలక పట్టుకుని కూర్చున్నాడు. ఒక కార్డు దొరికితే ఒక గీత.

ఆ మూడు వారాల్లో సుచరిత ఫొటోను నేను చూడని చోటు లేదు. ఒక టీ బంకులో ఫ్రిజ్ తలుపు మూసుకోవడం లేదని సందులో దోపారు. ఒక మంగలి షాపులో గడ్డం నురుగు గీరి తీసి ఆ కార్డుకే తుడుస్తున్నారు. అది తెచ్చి చూపిస్తే, నా ముఖాన ఎవరెవరి గడ్డాలు ఉండాయో అని ఆమె చాలాసేపు బాధపడింది. ఆదెమ్మ చిల్లర దుకాణంలో దాన్ని బెల్లం చెక్కడానికి వాడుతున్నారు. పదును బాగుందని ఆదెమ్మ ఇవ్వనంది. ప్లాస్టిక్ స్కేలు కొనిచ్చి తెచ్చుకున్నాను.

అన్నిటికంటే కష్టమైంది ఆటో వెంకటేష్. ఆయన ఆటోలో అద్దం పక్కన, అమ్మవారి ఫొటో కింద సుచరిత కార్డు ఉంది. అది పెట్టినప్పటి నుంచి ఆటో ఒక్కసారి కూడా పంచర్ కాలేదట. తీస్తే అరిష్టం అన్నాడు. పక్కనే సుచరిత నిలబడి ఉన్నా, ఆ ఫొటో ఈమెదే అని ఆయనకు తెలియలేదు. అంత గొప్ప ఫొటో అది. చివరికి ఆమె తన బ్యాగులోంచి నట్టల మందు కంపెనీ వాళ్లిచ్చిన స్టిక్కర్ తీసి, దీనిమీద ఆవు బొమ్మ ఉండాది అన్నా, ఇంకా శుభం అని చెప్పి మార్పించింది.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. నల్లమల వైపు నుంచి ముందు చల్లగాలి, తర్వాత మట్టివాసన, ఆ తర్వాత ఎవరి అనుమతీ అడగకుండా మొత్తం వాన. ఆమె స్కూటీ, నా బండి తడుస్తుండగా ఇద్దరం బస్ షెల్టర్‌లోకి పరిగెత్తాం. మాతోపాటు ఏడు మేకలు కూడా.

ఆమె చున్నీతో పుస్తకం తుడిచి నా చేతికిచ్చి, ప్రశ్నలు అడగమంది. ఆమె కనురెప్పల మీద వాన చుక్కలు నిలబడి ఉన్నాయి. నేను పుస్తకంలోకి చూడాలని గట్టిగా నిశ్చయించుకున్నాను.

"గొర్రె చూడి కాలం ఎన్ని దినాలు?"

"నూట యాభై, అటూ ఇటుగా. మీరు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారు."

తిప్పి పట్టుకున్నాను. ఇంకో పది అడిగాను. అన్నీ చెప్పింది. పుస్తకం మూసి, ఇప్పుడు నేనడుగుతా అంది.

"తుడిచినా పోని కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే, దాన్నేం చేస్తారు మాలకొండయ్య గారూ?"

ఆ గారూ అనడంలో తాతకిచ్చే గౌరవం ఒక్క పిసరు కూడా లేదు. నా చెయ్యి జేబు మీదికి పోయింది. ఎందుకంటే ఆ క్షణాన నా చొక్కా జేబులో ఒక కార్డు ఉంది. నాలుగు రోజుల క్రితం దొరికింది. తాతకు లెక్క చెప్పలేదు. ఫొటో బాగాలేదని నాకూ తెలుసు. అయినా మనసు రాలేదు. పరీక్ష ముందర ఇట్లాంటి మాట చెప్పి ఆమె చదువు చెడగొట్టకూడదని, తెలియదు అన్నాను. ఆమె నా జేబు వైపు చూసింది. తడిసిన తెల్లచొక్కా ఏదీ దాచదని నాకు అప్పుడు తట్టలేదు. మేకలు మాత్రం అన్నీ నా వైపే చూస్తున్నాయి.

పరీక్ష రోజుకు పలక మీద ఇరవై మూడు గీతలు. ఆ మిగిలిన మూడు ఆదివారాల్లో ఒక్క సంబంధం కూడా రాలేదు. వాళ్లమ్మ చెయ్యి బాగుపడింది. సుచరిత ఒంగోలు పోయి పరీక్ష రాసి వచ్చింది. ఎట్ల రాశావంటే, రాసినా అంది. అంతకు మించి ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి రెండు నెలలు నేను ఎట్ల గడిపానో తాతకే తెలుసు. పరీక్ష పోతే ఆమె తల ఊపాలి. పిచ్చయ్య దగ్గర చంద్రశేఖరపురం జీపు సంబంధం తయారుగా ఉంది. వాళ్లకు పిల్ల నచ్చింది, ఉప్మా ఇంకా నచ్చింది. నేను ఆఫీసు పని చేస్తూనే రోజుకు ఇరవైసార్లు ఫలితాల పేజీ తెరిచేవాణ్ణి. ఒక పొద్దు ఫలితాలు వచ్చాయని ఊరంతా అంటుంటే, నా ల్యాప్‌టాప్‌లో మాత్రం త్వరలో అనే మాటే కనిపిస్తోంది. ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ పక్కన పెట్టాను.

గేటు ముందు స్కూటీ ఆగింది. సుచరిత తిన్నగా అరుగు ఎక్కి తాత కాళ్లకు దండం పెట్టింది. పాసయింది. మార్కాపురం పక్కనే పోస్టింగు రావచ్చంది.

"నాకింకా త్వరలో అనే చూపిస్తాంది," అన్నాను, అయోమయంగా ల్యాప్‌టాప్ చూపిస్తూ.

"పాత కాపీ చూస్తాండారు. రిఫ్రెష్ కొట్టండి," అంది.

ఈ వృత్తిలో నాకు జరిగిన అవమానాల్లో అదే అతి తియ్యనిది.

ఆమె పలక తీసుకుని గీతలు లెక్కపెట్టింది. ఇరవై మూడు. ఒప్పుకున్న పని పూర్తి చెయ్యలేదే, ఇంకా రెండు ఏవి అని నిలదీసింది. ఇంక దాచడానికి కారణం లేదు. జేబులోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"దీన్ని లెక్కకు ఇచ్చెయ్యడం నా వల్ల కాలేదు," అన్నాను. "నువ్వు ఎవరో సంబంధానికి తల ఊపుతావేమోనని ఈ రెండు నెలలూ నాకు నిద్ర లేదు. నువ్వంటే నాకు ఇష్టం సుచరితా. ఉద్యోగం రాకున్నా ఇదే చెప్పేవాణ్ణి, కానీ అప్పుడు నువ్వు వినే వీలుండేది కాదు."

ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నా జేబులోనే పెట్టింది.

"వాన రోజే చూసినాలే. ఇరవై నాలుగు."

"ఇరవై అయిదోది నిజంగా నాకు తెలియదు. ఒట్టు."

"ఆ పన్నెండు మంది వచ్చిన రోజు పెళ్లికొడుకు నాయన దగ్గర లాక్కున్నది. అది లెక్కలో యాడ రాసినారు?"

నిజమే, మొదట దొరికిన ఆ కార్డు సంగతి లెక్కలోకే రాలేదు. మరిచింది నేనొక్కడినే. తాత తన బనియను లోపలి జేబులోంచి మెల్లగా తీశాడు. గులాబీరంగు చీర. పరీక్ష రాసి వచ్చిన మర్నాడే ఆమె తాతకు ఇచ్చి, పాసైతే వాడండి, లేకుంటే పొయ్యిలో వెయ్యండి అని చెప్పి పోయిందట. ఈ రెండు నెలలూ నేను అల్లాడుతుంటే, ఆయన పక్కనే కూర్చుని మజ్జిగ తాగాడు.

"ఆదివారం తాతను పిల్చుకుని రండి," అంది సుచరిత, ఇప్పుడు మాత్రం నా వైపు చూడకుండా. "ఆ కార్డు చూసి వచ్చినామని చెప్పండి. ఇంటికొచ్చినోళ్లను మా నాయన ఎనక్కి పంపడు."

ఆదివారం పొద్దున వెంకటేష్ ఆటోలోనే పోయాం. దారిలో పంచర్ కాలేదు. పిచ్చయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి, మమ్మల్ని కూర్చోబెట్టి, తాత చేతిలో కార్డు చూసి నిర్ఘాంతపోయాడు.

"ఇది ఎట్ల మిగిలింది పెద్దాయనా? అన్నీ ఏరినామని గదా మీవాడు చెప్పింది."

"తప్పేనయ్యా," అన్నాడు తాత. "చానా తప్పు."

పిచ్చయ్య కార్డు చూశాడు, తాతను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ముప్పై ఏళ్లుగా సంబంధాలు కలుపుతున్న మనిషి. నేను చొక్కా గుండీలు సరిచూసుకున్నాను.

"రెండేళ్లు చిన్నాయనా అంటివి. ఆ పొద్దు ఉన్నట్టుండి మామా అంటివి. వరసలు చూసేది నా వృత్తి అబ్బాయ్, నేను కనిపెట్టలేదనుకున్నావా? పాసైతే ఆ పిల్ల ఇష్టమని మాటిచ్చినా. దాని ఇష్టం ఏందో దాన్నే అడుగుతా." లోపలికి తిరిగి గొంతు పెంచాడు. "అమ్మా సుచరితా, మాలకొండయ్యలు వచ్చినారు. ఏం చెప్పమంటావు? ఉప్మా చెయ్యమందామా?"

లోపలి నుంచి గిన్నె మూత తీసిన చప్పుడు, ఆ వెనకే ఆమె గొంతు వినిపించాయి.

"పొద్దున్నే చేసి పెట్టినా నాయనా. ఇస్తరాకులు ఎయ్యండి."